అప్పజెప్పడమా, ఒప్పుకోవడమా? యూదు యువజనుల కన్ఫర్మేషన్‌పై ఒక పరిశీలన

రూపం పరాయిదైతే సారం కూడా పరాయిదే అవుతుందా అన్న చర్చ మన సభల్లో తరచు వస్తూ ఉంటుంది. నవల ఇంగ్లీషు నుంచి వచ్చింది, కథానిక ఫ్రెంచి, రష్యన్ భాషల నుంచి వచ్చింది, వచన కవిత ఇంకెక్కడి నుంచో వచ్చింది. కనుక వీటిలో మన ప్రజల జీవితం పూర్తిగా ఇమడదని వాదించేవారు ఇప్పటికీ ఉన్నారు. రూపం ఖాళీ పాత్ర లాంటిది, అందులో ఎవరైనా ఏదైనా పోసుకోవచ్చునని తేల్చేసేవారూ ఉన్నారు. రెండు వాదనలూ నాకు తొందరపాటుగానే కనిపిస్తాయి. సాహిత్యంలో రూపాన్నీ సారాన్నీ విడదీసి చూడటమే కష్టం గనక చర్చ ఎక్కడి గొంగళి అక్కడే అన్నట్టు ఆగిపోతుంది. ఒక సామాజిక ఆచారాన్ని తీసుకుంటే, ఎవరు ఎవరి దగ్గర ఏం తీసుకున్నారో, ఏ అవసరం కొద్దీ తీసుకున్నారో, ఆ తర్వాత దానికి ఏ గతి పట్టిందో కొంత స్పష్టంగా కనిపిస్తుంది. అందుకే యూదుల సినగాగుల్లో 15, 16 ఏళ్ల పిల్లలకు జరిగే 'కన్ఫర్మేషన్' కార్యక్రమాన్ని ఇక్కడ పరిశీలనకు తీసుకుంటున్నాను.

ముందుగా దీనికీ 'బార్ మిట్స్వా'కూ గల తేడా చెప్పాలి. అమెరికన్ నవలలు చదివే మన పాఠకులకు రెండో మాటే ఎక్కువ పరిచయం. యూదు మగపిల్లవాడికి 13 ఏళ్లు నిండగానే ధర్మశాస్త్ర విధులన్నీ అతని మీద పడతాయి. 'బార్ మిట్స్వా' అంటే స్థూలంగా, ఆజ్ఞలకు బద్ధుడైనవాడు. ఏ వేడుకా చేయకపోయినా వయసు నిండటంతోనే అతను ఆ స్థితిలోకి వస్తాడు. సామూహిక ప్రార్థనకు పదిమంది పెద్దవాళ్లు ఉండాలన్న లెక్కలో ఇక అతనూ ఒకడు. దీన్ని మన ఉపనయనంతో పోల్చేవారున్నారు గాని, ఆ పోలిక సగం దూరమే నడుస్తుంది. ఉపనయనం కొన్ని వర్ణాల వారికే. ఇది ఆ సమాజంలో పుట్టిన ప్రతి మగపిల్లవాడికీ. ఆడపిల్లను గడప బయటే ఉంచడంలో మాత్రం చాలాకాలం రెండూ ఒకటే.

ఆనాడు పిల్లవాణ్ణి తోరా చదవడానికి పిలుస్తారు. తోరా చుట్ట తోలు మీద చేత్తో రాసినది. అందులో అచ్చులను తెలిపే గుర్తులుండవు, రాగం తెలిపే గుర్తులూ ఉండవు. తలకట్లూ గుడులూ కొమ్ములూ తీసేసిన తెలుగు పేజీని ఇచ్చి రాగయుక్తంగా చదవమంటే ఎలా ఉంటుందో ఊహించండి. కనుక పిల్లవాడు నెలల తరబడి గురువు దగ్గర కూర్చుని తన వంతు భాగాన్ని కంఠస్థం చేస్తాడు. ఇంట్లో జర్మనో ఇంగ్లీషో మాట్లాడే పిల్లవాడు ఆ హిబ్రూకు అర్థం సరిగా తెలియకుండానే ఈ పని దివ్యంగా పూర్తి చేయగలడు. పద్యాలు అప్పజెప్పించుకోవడంలో ఏళ్లు గడిపిన నాబోటి ఉపాధ్యాయులకు ఈ సంగతి ఎవరూ వివరించనక్కర్లేదు. పిల్లవాడు పద్యం తప్పు లేకుండా అప్పజెబుతాడు, మార్కులు వేస్తాం. ఆ పద్యం అతనిదయిందా లేదా అన్నది మన పరీక్షల్లో తేలే విషయం కాదు.

కన్ఫర్మేషన్ ఈ అసంతృప్తి నుంచే పుట్టిందని దాన్ని ప్రవేశపెట్టినవారు చెప్పుకున్నారు. అది కొంతవరకే నిజం. అది పుట్టిన కాలాన్నీ, దేశాన్నీ, వర్గాన్నీ చూడాలి.

19వ శతాబ్దపు మొదటి పదేళ్లలో జర్మన్ ప్రాంతాల్లో దెస్సౌ, వోల్ఫెన్‌బ్యుట్టెల్, కాసెల్ వంటి పట్టణాల్లో ఈ కొత్త పద్ధతి మొదలైంది. దీనికి తొలి నెలవు సినగాగు కాదు, బడి. ఇజ్రాయెల్ జాకబ్‌సన్ అనే ధనికుడు 1801లో సేసెన్ అనే చిన్న ఊళ్లో ఒక పాఠశాల పెట్టాడు. కొద్ది కాలానికే అందులో యూదు పిల్లలతో పాటు క్రైస్తవ పిల్లలూ చదివారు. 1810లో ఆ బడి పక్కనే ఆయన కట్టించిన ప్రార్థనాలయంలో ఆర్గన్ వాయించారు, జర్మన్ భాషలో ప్రసంగాలు చేశారు. అప్పటికి నెపోలియన్ తమ్ముడు జెరోమ్ రాజుగా వెస్ట్‌ఫాలియా అనే రాజ్యం ఏర్పడింది. 1808లో అక్కడి యూదులకు పౌరహక్కులు లభించాయి. కాసెల్‌లో యూదు వ్యవహారాలు చూసే సంస్థకు జాకబ్‌సనే అధ్యక్షుడు. 1813లో ఆ రాజ్యం కూలింది. హక్కులు చాలావరకు వెనక్కిపోయాయి. ఆచారం మాత్రం నిలిచింది.

ఇక్కడ చదువుకున్న యూదు మధ్యతరగతిని పీడించిన సమస్య ఒకటుంది. వారి పిల్లలు చర్చి వైపు నడుస్తున్నారు. యూదుల జ్ఞానోదయానికి ఆద్యుడని పేరుపడ్డ మోజెస్ మెండెల్‌సోన్ మనవడు, సంగీతకర్త ఫెలిక్స్, 1816లో తోబుట్టువులతో సహా బాప్తిస్మం పొందాడు. కవి హైనే 1825లో అదే దారి పట్టాడు. యూరప్ సంస్కృతిలోకి ప్రవేశించడానికి అది టిక్కెట్టు లాంటిదని తానే ఎత్తిపొడుపుగా చెప్పుకున్నాడు. యూదుడిగా ఉంటే ప్రభుత్వోద్యోగం రాదు, విశ్వవిద్యాలయంలో ఆచార్య పదవి దక్కదు. పక్కింటి లూథరన్ పిల్లవాడు 14 ఏళ్ల ప్రాయంలో ప్రశ్నోత్తరాల పుస్తకం చదివి, చర్చిలో అందరి ముందూ నిలబడి తన విశ్వాసాన్ని తన నోటితో చెప్పి, ఆ వెంటనే పెద్దల లోకంలో అడుగుపెడుతున్నాడు. ఆ దృశ్యం యూదు తండ్రుల కంట్లో పడింది. తమ పిల్లలకూ అటువంటిదే ఒకటి కావాలనుకున్నారు. పేరు కూడా మార్చకుండా తెచ్చుకున్నారు.

గుంటూరు, రాజమండ్రి ప్రాంతాల పాఠకులకు ఈ లూథరన్ పద్ధతి కొత్తది కాదు. ఫాదర్ హేయర్ 1842లో గుంటూరు చేరి మిషన్ ప్రారంభించాడు. 1529లో మార్టిన్ లూథర్ రాసిన చిన్న ప్రశ్నోత్తరాల పుస్తకం చేత పట్టుకుని ఆదివారం బడిలో కన్ఫర్మేషన్‌కు తయారైనవాళ్లు ఈ పత్రిక పాఠకుల్లో కూడా ఉంటారు. ఒకే రూపం ఒక శాఖగా జర్మన్ యూదు వర్తకుల ఇళ్లలోకీ, ఇంకొక శాఖగా కృష్ణా డెల్టా మాలమాదిగ పల్లెల్లోకీ వెళ్లిందంటే, రూపం వర్గాన్ని వెంటబెట్టుకుని వస్తుందనే వాదన అంత సూటిగా నిలవదని అర్థమవుతుంది.

అలాగని అది అమాయకమైన పాత్రా కాదు. ప్రశ్నోత్తరాల పుస్తకం రాజ్యం చేతిలో పడితే ఏమవుతుందో ఆస్ట్రియాలో చూస్తాం. 1812లో హెర్ట్స్ హోంబెర్గ్ అనే యూదు విద్యాధికారి 'బ్నే సియోన్' అనే మత నీతి పాఠ్యపుస్తకం రాశాడు. పెళ్లికి అనుమతి కావలసిన యూదు వధూవరులు ఆ పుస్తకంలో పరీక్ష రాసి నెగ్గాలని ప్రభుత్వం నియమం పెట్టింది. యూదుల పెళ్లిళ్ల సంఖ్య మీద పరిమితులు ఉన్న రోజులవి. పెళ్లికి పరీక్ష! మతబోధ, నీతిబోధ అన్న మంచి మాటల వెనక జనాభా లెక్కలు చూసుకునే గుమాస్తా కూర్చుని ఉన్నాడు. పాలకులకు విధేయత నేర్పే పాఠం అందులో ఉండటంలో ఆశ్చర్యమేముంది!

ప్రష్యా రాజు ఇంకో దారి తొక్కాడు. 1823లో, యూదులు తమ పూర్వాచారం నుంచి ఏమాత్రం తప్పి ఆరాధన జరపరాదని ఆజ్ఞ ఇచ్చాడు. పాత పద్ధతివారి ఫిర్యాదులు అందుకు ఒక కారణం. సంస్కరించిన యూదుమతం ఆకర్షణీయంగా ఉంటే చదువుకున్న యూదులు చర్చికి రావడం ఆగిపోతుందన్న భయం మరో కారణమని చరిత్రకారులు చెబుతారు. ఒకే ఆచారాన్ని సొంతవాళ్లలో కొందరు 'చర్చిని అనుకరించడం' అన్నారు, పాలకుడేమో 'చర్చికి అడ్డు' అనుకున్నాడు. ఈ వైరుధ్యాన్ని వదిలేసి సంస్కరణను కేవలం దాస్యమనో, కేవలం ప్రగతి అనో అనడానికి వీల్లేదు.

పూర్వాచారపరుల అభ్యంతరాల్లో అనుకరణ అన్నది పైమాట. అసలు అభ్యంతరం దానికన్నా లోతైనది. క్రైస్తవంలో విశ్వాస ప్రకటన కీలకం. యూదుమతంలో మనిషి ఏం నమ్ముతున్నాడో చెప్పడం కన్నా ఏం చేస్తున్నాడన్నదే ముఖ్యం. సీనాయి కొండ దగ్గర జరిగిన ఒడంబడికకు పుట్టబోయే తరాలు కూడా కట్టుబడి ఉన్నాయి. పుట్టుకతోనే కట్టుబడినవాడు పదహారేళ్లకు లేచి 'నేను ఒప్పుకుంటున్నాను' అనడంలో అర్థమేమిటి? ఒప్పుకోకపోతే వదిలేస్తారా? ఈ ప్రశ్నలో బలముంది.

అయితే దీనికి జవాబు సంస్కర్తల కన్నా చాలా ముందే, ఆ సంప్రదాయంలోనే ఉంది. సీనాయి దగ్గర దేవుడు కొండను పెకలించి జనం నెత్తిన గంగాళంలా బోర్లించి పట్టుకున్నాడనీ, ధర్మశాస్త్రాన్ని ఒప్పుకుంటే సరే, లేకపోతే మీ సమాధి ఇక్కడేనని అన్నాడనీ తల్మూదులో ఒక కథ ఉంది. దాని మీద అక్కడే ఒక పండితుడు ఆక్షేపణ లేవదీశాడు: అలా బెదిరించి రాయించుకున్న ఒప్పందం చెల్లదనడానికి ఇదే పెద్ద ఆధారమవుతుంది కదా అని. ఇంకొక పండితుడు రావా, అయినా ఎస్తేరు కాలంలో జనం తమంతట తాము మళ్లీ ఒప్పుకున్నారని సమాధానం చెప్పాడు. మతగ్రంథంలోనే, దేవుడు చేయించుకున్న ఒప్పందం న్యాయంగా చెల్లుతుందా అని అడిగిన ధైర్యం గమనించదగ్గది. ఒకసారి నెత్తిన కొండ పెట్టి చేయించిన ప్రమాణం చాలదు, మనిషి తనంతట తాను రెండోసారి ఒప్పుకోవాలి అన్న ఆలోచన జర్మనీ చర్చిలో పుట్టిందేమీ కాదు. రూపం పొరుగుదే. దాన్ని పట్టి నిలబెట్టే వేరు మాత్రం సొంత నేలలోనే ఉంది. అరువు రూపాల్లో ఏది నాటుకుంటుందో, ఏది ఎండిపోతుందో చెప్పడానికి ఇది నాకు పనికొచ్చే గీటురాయిగా కనిపిస్తుంది.

పుట్టుక ప్రసక్తి వచ్చింది గనక, తెలుగు నేలకే సంబంధించిన ఒక విషయం చెప్పాలి. గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో 1991 నుంచి ఒక సినగాగు ఉంది. అక్కడ 'బెనె ఎఫ్రాయిము'గా తమను చెప్పుకునే తెలుగు కుటుంబాలు మాదిగ సమాజం నుంచి, క్రైస్తవం మీదుగా యూదు ఆచారంలోకి వచ్చినవి. తాము ఇజ్రాయెలు గోత్రాల్లో ఒకదానికి చెందినవారమని వారి విశ్వాసం. యూలియా ఎగొరోవా, షాహిద్ పర్వేజ్ వారి మీద పరిశోధన చేసి 2013లో పుస్తకం ప్రచురించారు. జర్మన్ యూదు పిల్లవాడికి పుట్టుక ఎవరూ కాదనలేనిది, ఒప్పుకోలే సమస్య. కొత్తరెడ్డిపాలెం పిల్లవాడికి ఒప్పుకోలు సమస్య కాదు, పుట్టుకను ఎవరో ధ్రువీకరించాలి. 'ధ్రువీకరణ' అనే మాట మన దళిత కుటుంబాలకు మండలాఫీసులో కులపత్రం దగ్గర బాగా తెలిసిన మాటే. హిందూ, సిక్కు, బౌద్ధ మతాల బయట ఉన్నవారికి షెడ్యూల్డు కులాల హోదా ఇవ్వని చట్టం ఒక పక్క, వంశావళి అడిగే మతపెద్దలు ఇంకో పక్క. ఎవరు ఎవరిని 'కన్ఫర్మ్' చేస్తారన్నది అధికారానికి సంబంధించిన ప్రశ్న అని ఇంతకన్నా స్పష్టంగా చెప్పే ఉదాహరణ దొరకదు.

మళ్లీ జర్మనీకి వద్దాం. నా దృష్టిలో కన్ఫర్మేషన్ చేసిన అసలైన పని, దాన్ని ప్రవేశపెట్టినవాళ్లు అంతగా లెక్కలోకి తీసుకోనిది, ఆడపిల్లల విషయంలో జరిగింది. బార్ మిట్స్వా మగపిల్లవాడికే. కొత్త కార్యక్రమానికి పాత నియమాలు లేవు గనక అందులో ఆడపిల్లను వద్దనడానికి శాస్త్రాధారం లేకపోయింది. 1817, 18 నాటికే బెర్లిన్, హాంబర్గ్‌లలో ఆడపిల్లలు కూడా సభ ముందు నిలబడ్డారు. అమెరికాలో తొలి బాట్ మిట్స్వాగా చెప్పుకునేది 1922 మార్చి 18న న్యూయార్కులో రబ్బీ మొర్దెకై కప్లాన్ కూతురు జూడిత్‌కు జరిగింది. ఆమె వయసు పన్నెండు. ఆమె కూడా చుట్ట దగ్గర నిలబడలేదు; కాస్త ఎడంగా నిలబడి అచ్చుపుస్తకంలోంచి చదివింది. అంటే కన్ఫర్మేషన్ ఆమెకన్నా వందేళ్లు ముందు నడిచింది. సభలో మాట్లాడనిచ్చారు సరే, ప్రార్థనకు కావలసిన పదిమందిలో కలుపుకున్నారా? చాలాకాలం లేదు. పైమెట్టు ఎక్కడానికి ఇంకా ఎంతకాలం పట్టిందో చూడండి: జర్మనీలో రెజీనా యోనాస్ 1935లో రబ్బీ అయింది, 1944లో నాజీలు ఆమెను ఔష్విట్జ్‌లో చంపారు; అమెరికాలో శాలీ ప్రీసాండ్ 1972లో అయింది.

కార్యక్రమానికి ఎన్నుకున్న రోజు కూడా ఆలోచించి ఎన్నుకున్నదే. పస్కా తర్వాత ఏడు వారాలకు వచ్చే షావువోత్, తెలుగు బైబిలు పాఠకులు వారాల పండుగగా ఎరిగినది. కోతల పండుగ, ధర్మశాస్త్రం వచ్చిన రోజు కూడా. ఆనాడు పది ఆజ్ఞలు చదువుతారు, రూతు గ్రంథమూ చదువుతారు. రూతు మోయాబు స్త్రీ, పరాయి జాతిది; భర్త పోయాక అత్తను విడవకుండా వచ్చి, పొలాల్లో పరిగె ఏరుకుని బతికిన పేదరాలు. పుట్టుకతో రానిదాన్ని తన ఇష్టంతో ఎంచుకున్న మనిషి. ఆమె కథ చదివే రోజున పిల్లల ఒప్పుకోలు జరపడంలోని ఔచిత్యం సాహిత్య విద్యార్థులకు చెప్పనక్కర్లేదు.

1846లో రబ్బీ మాక్స్ లిలియెంతాల్ న్యూయార్కులో ఈ కార్యక్రమం జరిపాడు. జర్మన్ యూదు వలసదారులతో పాటు అది అమెరికా అంతా పాకింది. తెల్లని నిలువుటంగీలు, పూలగుత్తులు, ఆర్గన్ సంగీతం చేరాయి. ఆ శతాబ్దం చివరికి చాలా సంస్కరణవాద సినగాగుల్లో బార్ మిట్స్వా దాదాపు మూలపడింది. తర్వాత తూర్పు యూరప్ నుంచి లక్షల సంఖ్యలో పేద యూదులు వచ్చారు. వాళ్ల పిల్లల తరంతో బార్ మిట్స్వా మళ్లీ పైకి లేచింది, సంపదతో పాటు విందుల ఖర్చూ పెరిగింది. 13 ఏళ్లకు విందు అయిపోగానే పిల్లలు మతబడి ఎగ్గొట్టడం మొదలుపెట్టారు. వాళ్లను ఇంకో రెండు, మూడేళ్లు కూర్చోబెట్టడానికి పదో తరగతి చివర కన్ఫర్మేషన్ ఒక ఉపాయమైంది. ఒప్పుకోలు కోసం పుట్టింది హాజరుపట్టీ అయిందన్నమాట. ఈ మధ్య దశాబ్దాల్లో ఆ తరగతులు కూడా చాలాచోట్ల పలచబడ్డాయి. చాలా సినగాగుల వసారాల్లో ఏడాదికొక ఫొటో చొప్పున, తెల్లంగీల పిల్లల వరసలు గోడల మీద ఉంటాయి. ఒక మెచ్చుకోదగ్గ సంగతి ఆ ఫొటోల్లోనే ఉంది: బార్ మిట్స్వా ఫొటోలో ఒక్క పిల్లవాడు ఉంటాడు, వీటిలో తరగతి అంతా ఉంటుంది. ధనవంతుడి కొడుకుకూ గుమాస్తా కూతురికీ ఒకటే అంగీ, ఒకటే విందు.

రచయితలకు ఆసక్తి కలిగించేది పిల్లల ప్రసంగాలు. బార్ మిట్స్వా పిల్లవాడు కూడా ప్రసంగిస్తాడు. అది చాలాసార్లు గురువో తండ్రో రాసిచ్చిందే. 'ఈ రోజు నేను మగవాణ్ణయ్యాను' అన్న దాని పడికట్టు వాక్యాన్ని, కానుకలుగా వచ్చే పెన్నుల వల్ల, 'ఈ రోజు నేను ఫౌంటెన్ పెన్నునయ్యాను' అని యూదులే వెక్కిరించుకున్నారు. మన ఆగస్టు 15 వక్తృత్వ పోటీల్లో పిల్లలు కన్నతండ్రుల గొంతుతో దేశభక్తి వల్లించడం విన్నవారికి ఆ హాస్యం వెంటనే తలకెక్కుతుంది. కన్ఫర్మేషన్ కూడా మొదట్లో ఇంతే: రబ్బీ అడుగుతాడు, పిల్లలు బట్టీపట్టిన జవాబు చెబుతారు. బట్టీకి విరుగుడుగా వచ్చింది ఇంకో బట్టీ అయింది. 20వ శతాబ్దంలో ఆ పద్ధతి సడలి, తరగతి పిల్లలే కలిసి ప్రార్థన క్రమాన్ని కూర్చుకోవడం, తాము ఏం నమ్ముతున్నామో ఏం నమ్మలేకపోతున్నామో సొంత మాటల్లో రాసి చదవడం చాలాచోట్ల వచ్చింది. ఇక్కడికి వచ్చేసరికి రూపం నిజంగా కొత్త సారం పుంజుకుందని నేననుకుంటాను. పాలకుల చర్చి నుంచి తెచ్చుకున్న వేదిక మీద, ప్రశ్న అడిగే పని రబ్బీ నుంచి పిల్లల చేతికి వచ్చింది.

ఆ ప్రశ్న రాకముందు ఏం జరిగేదో ఫిలిప్ రాత్ 1958లో 'ది కన్వర్షన్ ఆఫ్ ది జ్యూస్' కథలో చూపించాడు. ఓజీ ఫ్రీడ్‌మన్ బార్ మిట్స్వాకు తయారవుతున్న పిల్లవాడు. ఆరు రోజుల్లో సృష్టి అంతా చేయగలిగిన దేవుడు, పురుషుడి ప్రమేయం లేకుండా ఒక స్త్రీకి బిడ్డను ఇవ్వలేడా అని రబ్బీని అడుగుతాడు. వాదంలో రబ్బీ చెయ్యి తగిలి ఓజీ ముక్కు నుంచి రక్తం వస్తుంది. పిల్లవాడు సినగాగు కప్పు మీదికెక్కి దూకుతానంటాడు. కింద రబ్బీ, తల్లి, తోటిపిల్లలు, వల పట్టుకున్న ఫైరింజను వాళ్లు. అందర్నీ మోకాళ్లమీద నిలబెట్టి, పురుషుడు లేకుండా బిడ్డను ఇవ్వగలడని దేవుడి గురించి ఒప్పిస్తాడు, క్రీస్తును నమ్ముతున్నామని కూడా అనిపిస్తాడు. ఇక్కడ కొండ నెత్తిన పట్టుకున్నవాడు పిల్లవాడే. బెదిరించి చేయించుకున్న ఆ ఒప్పుకోలు కూడా చెల్లదు, అది రాత్‌కు తెలుసు. ఓజీ నిజంగా కోరుకున్నది చివర్లో వస్తుంది: దేవుడి పేరున ఎవర్నీ ఎన్నడూ కొట్టకూడదని తల్లి చేత మాట తీసుకుంటాడు. తర్వాత వలలోకి దూకుతాడు. ఈ కథను మతం మీద వెటకారంగా చదివినవారున్నారు. నేను దాన్ని బడి కథగానే చదువుతాను.

మా స్టాఫ్‌రూములో ఈ కథ చెబితే ఒక సహోపాధ్యాయుడు, 'ప్రశ్న బాగానే ఉంది గాని, సిలబస్‌లో ఉందా?' అన్నాడు. నవ్వుకున్నాం. కానీ కన్ఫర్మేషన్ తరగతుల విషయంలో కూడా అడగవలసింది ఇదే. పిల్లలు తమ సందేహాలు రాసిన కాగితాన్ని సభలో చదవకముందు రబ్బీ చూస్తాడు. కొందరు రబ్బీలు భాష దిద్ది ఊరుకుంటారు, కొందరు సందేహాన్ని కూడా దిద్దుతారు.